ఫిట్స్ ఉన్నవారు బండి నడపవచ్చా?

ఫిట్స్ జబ్బు ఉందని డాక్టరుగారు చెప్పిన రోజున ఇంటివాళ్ళు చాలా ప్రశ్నలు అడుగుతారు. ఇది పూర్తిగా తగ్గుతుందా, పిల్లలకు కూడా వస్తుందా, పెళ్ళి చేయవచ్చా, వంకాయ తినవచ్చా అని. బండి సంగతి మాత్రం ఎక్కువమంది అడగరు. మందుల చీటీ తీసుకుని బయటికి వెళతారు. గేటు దగ్గర పేషెంటే స్కూటరు స్టార్టు చేస్తాడు, భార్య బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంటుంది. ఓపీ వరండాలోంచి చూసి మా నర్సులు పరుగెత్తి ఆపిన రోజులున్నాయి. డాక్టరుగారు లోపల "బండి నడపకూడదు" అని చెప్పే ఉంటారు. కానీ ఆ ఒక్క మాట వల్ల ఇంట్లో ఎన్ని పనులు ఆగిపోతాయో, వాటిని ఎలా నెట్టుకురావాలో కూర్చోబెట్టి చెప్పే తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు. ఈ పాఠం అందుకోసం. ఇది పేషెంటు కంటే ఎక్కువగా మీ కోసం, అంటే ఇంటివాళ్ళ కోసం రాసినది.

ముందుగా ధైర్యం కలిగించే విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛవ్యాధి ఉంది. సరిగా గుర్తించి, సరైన మందు క్రమం తప్పకుండా వాడితే వీరిలో 100కి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరు. కాబట్టి "ఇక జన్మలో బండి ముట్టుకోకూడదు" అని మొదటి రోజే తీర్పు చెప్పవలసిన పని లేదు. చాలామందికి ఇది కొంతకాలపు నిబంధన. కొందరికి మాత్రం ఎప్పటికీ ఉంటుంది. ఎవరు ఏ కోవలోకి వస్తారో మందులు మొదలుపెట్టి కొన్నాళ్ళు గడిచాకగాని తెలియదు.

అంత కచ్చితంగా ఎందుకు చెబుతారు?

మన మెదడులోని కణాలు చిన్నచిన్న విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. ఒక్కసారిగా కొన్ని కణాలు అదుపు తప్పి ఒకేసారి సంకేతాలు పంపితే ఫిట్ వస్తుంది. చిన్నప్పుడు తలకు తగిలిన దెబ్బ, మెదడులో చేరిన బద్దెపురుగు లార్వా వల్ల ఏర్పడే గడ్డ, పక్షవాతం, పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం, వంశపారంపర్యం, ఇలా కారణాలు ఎన్నో ఉంటాయి. కొందరిలో కారణమే దొరకదు. గాలి సోకడం, శాపం, ఎవరో చేయించడం మాత్రం కారణాలు కావు.

ఇప్పుడు బండి విషయానికి వద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే మోటారుసైకిలు ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతుంది. మన ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,220 మీటర్లు. ఆ వేగంతో ఈ చివరి నుంచి ఆ చివరికి చేరడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్ సాధారణంగా ఒకటి రెండు నిమిషాలుంటుంది. అంటే బ్యారేజీ ఎక్కగానే ఫిట్ వస్తే, నడిపే మనిషి లేని బండి బ్యారేజీ అంత దూరం వెళ్ళడంతో సమానం. ఎదురుగా స్కూలు పిల్లల ఆటో ఉండవచ్చు. మన మనిషి ప్రాణం ఒక్కటే కాదు కదా లెక్క.

"మా ఆయనకు వచ్చేముందు తెలుస్తుందండీ, బండి పక్కకు ఆపేస్తారు" అని కొంతమంది అంటారు. కడుపులో ఏదో పైకి లేచినట్టు, ఏదో వాసన వచ్చినట్టు కొందరికి ముందుగా తెలిసే మాట నిజమే. కానీ అది ప్రతిసారీ తెలుస్తుందనే నమ్మకం లేదు. తెలిసినా రెండు మూడు సెకన్లే ఉండవచ్చు. బెంజిసర్కిల్ దగ్గర సాయంత్రం ఆరు గంటలకు రెండు సెకన్లలో బండి పక్కకు ఆపడం ఆరోగ్యంగా ఉన్నవారికే సాధ్యం కాదు.

ఇంటివాళ్ళకు మాత్రమే కనిపించే ఫిట్స్

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. బండి విషయంలో ఎక్కువ ప్రమాదం తెచ్చేవి ఇవే.

ఫిట్ అంటే నేల మీద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ రావడం అనే మనకు తెలుసు. కానీ కొన్ని ఫిట్స్ చాలా నిశ్శబ్దంగా వస్తాయి. మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ చూపు ఎటో ఉంటుంది. పెదవులు చప్పరిస్తాడు, లేదా చొక్కా గుండీలు, లుంగీ అంచు ఊరికే నలుపుతాడు. పిలిస్తే పలకడు. అర నిమిషమో, నిమిషమో గడిచాక మళ్ళీ మామూలైపోతాడు. కొంచెం తికమకగా ఉంటాడంతే. తరువాత అడిగితే "నాకేం కాలేదే" అంటాడు. అబద్ధం కాదు. ఆ నిమిషం అతని జ్ఞాపకంలో నిజంగానే లేదు.

అందుకని ఓపీలో డాక్టరుగారు "మళ్ళీ ఫిట్స్ ఏమైనా వచ్చాయా?" అని అడిగినప్పుడు పేషెంటు ఒక్కడి జవాబు చాలదు. చూసినవారు రావాలి. భార్యగాని, తల్లిగాని, దుకాణంలో పక్కన పనిచేసేవారుగాని ఎవరైనా సరే. సెల్‌ఫోనులో తీసిన అర నిమిషం వీడియో ఉంటే మీరు పది నిమిషాలు వర్ణించి చెప్పినదాని కంటే డాక్టరుగారికి ఎక్కువ ఉపయోగం. ముందు మనిషిని పక్కకు తిప్పి భద్రంగా పడుకోబెట్టి, ఆ తరువాతే వీడియో సంగతి చూడండి.

చదువుకునే పిల్లల్లో ఇంకొక రకం ఉంది. పొద్దున్నే లేచిన గంటలోపు చేతులు ఉలిక్కిపడినట్టు అదురుతాయి. టీ గ్లాసు జారిపోతుంది, దువ్వెన ఎగిరి పడుతుంది. "వీడికి పొద్దున్నే చేతులు నిలవవు" అని తల్లి విసుక్కుంటుంది. పరీక్షల ముందు రెండు రాత్రులు నిద్ర లేకుండా చదివి, పొద్దున్నే మోటారుసైకిలు మీద కాలేజీకి బయలుదేరినప్పుడు మొదటి పెద్ద ఫిట్ వస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్ళ మధ్య పిల్లల్లో ఇది తరచుగా చూస్తాం. మందుకు బాగా లొంగే జబ్బే. కానీ బాగుంది కదా అని మందు మానేస్తే తిరిగి రావడం మామూలు. మీ ఇంట్లో ఇంటర్, ఇంజనీరింగు చదివే పిల్లలుంటే ఈ ఉదయపు అదురు సంగతి గుర్తుంచుకోండి.

చట్టం ఏమంటుంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టమే ఇప్పటికీ మనకు ఆధారం. లైసెన్సుకు దరఖాస్తు చేసేటప్పుడు ఫారం 1 అనే ఆరోగ్య ప్రకటన ఇవ్వాలి. మీకు మూర్ఛవ్యాధి గాని, ఏ కారణం చేతనైనా హఠాత్తుగా స్పృహ తప్పడం, తల తిరగడం గాని ఉన్నాయా అని అందులో అడుగుతారు. 40 ఏళ్ళు దాటినవారు, ఆటోలు, లారీలు, బస్సుల వంటి ట్రాన్స్‌పోర్టు వాహనాల లైసెన్సు కోరేవారు డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కూడా ఇవ్వాలి. దరఖాస్తుదారు నడిపితే ప్రజలకు ప్రమాదం కలిగించే జబ్బు ఉందని తేలితే 8వ సెక్షను ప్రకారం లైసెన్సు నిరాకరిస్తారు. ఇచ్చిన లైసెన్సును ఆ కారణంతో రద్దు చేసే అధికారం 16వ సెక్షను కింద ఉంది. కాబట్టి "లైసెన్సు ముందే తీసుకున్నాం, జబ్బు తరువాత వచ్చింది" అనే వాదన పనికిరాదు.

జబ్బు ఉందని తెలిసి కూడా నడిపితే 186వ సెక్షను కింద జరిమానా ఉంది. 2019 సవరణ తరువాత మొదటిసారికి 1,000 రూపాయల వరకు, తరువాత 2,000 రూపాయల వరకు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ప్రమాదంలో ఎవరైనా చనిపోతే నిర్లక్ష్యం వల్ల మరణం అనే కేసు అవుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో దానికి ఐదేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది. ఫారంలో "లేదు" అని రాసి, ఆసుపత్రి కాగితాల్లో "ఉంది" అని ఉంటే ఇన్సూరెన్సు కంపెనీ కూడా పేచీ పెట్టవచ్చు.

తక్కువ వేగంతో వెళ్ళే చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు, అంటే 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నవాటికి లైసెన్సు అక్కరలేదు. "అయితే అది కొనిస్తాం" అని చాలామంది తల్లిదండ్రులు అంటున్నారు. లైసెన్సు అక్కరలేదు గాని స్పృహ అక్కరలేదని కాదు కదా. ఫిట్స్ అదుపులోకి రాకముందు అది కూడా వద్దు.

ఇన్ని నెలలు ఫిట్స్ లేకపోతే నడపవచ్చు అనే లెక్క మన చట్టంలో రాసిలేదు. చాలా దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో కారు, మోటారుసైకిలు నడపాలంటే సాధారణంగా 12 నెలలు ఫిట్స్ లేకుండా ఉండాలి. లారీ, బస్సు నడపాలంటే మందులు కూడా లేకుండా 10 సంవత్సరాలు గడవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మూడు నెలల నుంచి ఏడాది వరకు ఉంటుంది. మన జిల్లాల నుంచి అక్కడికి వెళ్ళిన పిల్లలున్న తల్లిదండ్రులు ఒకటి తెలుసుకోవాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి జబ్బు సంగతి డాక్టరే ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇక్కడ అలాంటి చట్టం లేదు. "నిజం చెబితే డాక్టరుగారు ఆర్టీవోకు రాసేస్తారు" అనే భయంతో ఫిట్స్ దాచవద్దు. దాచితే డాక్టరుగారు మందు మోతాదు సరిచేయలేరు. మందు సరిపోకపోతే ఫిట్స్ ఆగవు. ఫిట్స్ ఆగకపోతే బండి చేతికి రాదు.

1999 దాకా మూర్ఛవ్యాధిని కారణంగా చూపి హిందూ వివాహాన్ని రద్దు చేయించుకునే వీలు చట్టంలో ఉండేది. ఆ సంవత్సరం సవరణతో ఆ మాట తొలగించారు. లైసెన్సు నిబంధన కూడా ఒకనాటికి జబ్బు అదుపును బట్టి మారాలని నా కోరిక. మారేదాకా ఉన్న చట్టం ప్రకారమే నడుచుకోవాలి.

తాళంచెవి ఎవరు తీసుకోవాలి?

చాలా ఇళ్ళలో జరిగేది చెబుతాను. డిశ్చార్జి అయిన మర్నాడే బండి తాళాలు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పేషెంటుకు ఒక్క మాట చెప్పరు. ఆయన అడిగితే "నీకు ఫిట్స్ కదా" అని పిల్లల ముందే అంటారు. రెండు వారాలు ఓర్చుకుంటాడు. మూడో వారం మార్కెట్టుకు వెళ్ళాలి, ఎవరూ ఖాళీగా ఉండరు. తమ్ముణ్ణి బతిమాలాలి, బావమరిదిని బతిమాలాలి. అప్పుడు ఇంకొక తాళంచెవి చేయించుకుంటాడు, లేదా స్నేహితుడి బండి తీసుకుంటాడు. ఫిట్ వచ్చినా ఇంట్లో చెప్పడు. ఇదంతా ఆయన మూర్ఖత్వం అనుకోవద్దు. మన వైపు మగవాడికి బండి అంటే పని, పరువు, పదిమందిలో తిరగడం. దాన్ని తీసుకుని బదులు ఏమీ ఇవ్వకపోతే మనిషి దొంగచాటుగానైనా ఎక్కుతాడు.

అందుచేత తాళంచెవి తీసుకునే ముందు ఆయన ప్రయాణాలన్నీ ఒక కాగితం మీద రాయండి. పొద్దున్న పాలకేంద్రం, పిల్లల స్కూలు, వారానికి రెండుసార్లు పొలం, ఆదివారం చర్చి, నెలకోసారి మా ఆసుపత్రి. ఒక్కొక్కదానికి ఎదురుగా ఎవరు తీసుకెళతారో, ఏ బస్సో రాయండి. కొన్నిటికి ఎవరూ దొరకరు. వాటిని మానుకోవాలా, వేళ మార్చుకోవాలా అనేది ఆయనతో కలిసి తేల్చండి. ఆయన లేకుండా మీలో మీరు తేల్చవద్దు.

మాట తీరు కూడా ముఖ్యం. "బండి ముట్టుకున్నావంటే చూడు" అనడం వేరు. "ఏమండీ, ఈ ఆరు నెలలు పిల్లల స్కూలు సంగతి మా తమ్ముడు చూస్తానన్నాడు, మీరు సాయంత్రం వాళ్ళ హోంవర్కు చూడండి" అనడం వేరు. తమ్ముడైతే "అన్నయ్యా, నేను అటే వెళుతున్నాను, ఎక్కు" అంటే చాలు. రోజూ బతిమాలించుకోకుండా ముందే వేళ చెప్పి వచ్చే తమ్ముడు ఎన్ని మాత్రలకైనా సాటి.

కొడుకు విషయంలో తండ్రులు కోప్పడతారు, తల్లులు జాలిపడి తాళం ఇచ్చేస్తారు. రెండూ కాకుండా, పక్కసీటులో వచ్చే స్నేహితులకు వాడే చెప్పుకునే ధైర్యం ఇవ్వండి. స్నేహితులకు తెలిస్తే వాళ్ళే బండి ఇవ్వరు, వాళ్ళే దించి వెళతారు. జబ్బు దాచిన పిల్లవాడికే "ఒక్క రౌండు వేసి రారా" అనే మాట ఎదురవుతుంది. సంబంధాలు చెడతాయని ఊళ్ళో దాస్తారు, నాకు తెలుసు. ఊరంతటికీ చెప్పమనడం లేదు. బండి ఇచ్చేవాళ్ళకు, పక్కన కూర్చునేవాళ్ళకు చెప్పాలి.

బండే జీవనాధారమైతే

విజయవాడ లారీల ఊరు. ఆటోనగర్ చుట్టూ ఎన్ని వేల కుటుంబాలు చక్రాల మీద బతుకుతున్నాయో మీకు తెలుసు. ఒక ఆటో డ్రైవరుకు గాని, లారీ డ్రైవరుకు గాని "నడపకూడదు" అంటే అది సలహాలా వినబడదు, పొయ్యి ఆర్పమన్నట్టు వినబడుతుంది. ఆ బాధ తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆటోలో ఐదుగురు ఎక్కుతారు. లారీ వెనక పది టన్నుల సరుకుంటుంది. డ్రైవరు రాత్రుళ్ళు నిద్ర లేకుండా ఉంటాడు. నిద్రలేమి ఫిట్స్‌ను పిలిచి తెచ్చే మొదటి కారణాల్లో ఒకటి. జనాన్ని, సరుకును తీసుకెళ్ళే వాహనాల పని ఫిట్స్ ఉన్నవారు వదులుకోవడమే మంచిది. ఇతర దేశాల్లో పదేళ్ళ గడువు పెట్టారంటేనే అర్థం చేసుకోండి.

సొంత ఆటో ఉన్నవారు మొదటి వారమే అమ్మేయకండి. భయంలో అమ్మితే సగం ధర కూడా రాదు. లైసెన్సు ఉన్న నమ్మకస్తుడికి రోజు కిరాయికి ఇవ్వండి. ఫైనాన్సు వాయిదాలుంటే ఒకటి రెండు తప్పకముందే ఆసుపత్రి కాగితాలు పట్టుకుని వెళ్ళి గడువు అడగండి. తప్పిన తరువాత అడిగితే వినేవారు తక్కువ. లారీ డ్రైవరుకు దారులు తెలుసు, సరుకు తెలుసు, యజమానులు తెలుసు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగు, లోడు లెక్క చూసుకోవడం, స్పేర్‌పార్టుల దుకాణం కౌంటరు వంటి పనుల్లో ఆ అనుభవానికి విలువ ఉంది. క్లీనరుగా పంపడం మాత్రం సరైన పరిష్కారం కాదు. అక్కడా రాత్రి మెలకువే, నడిచే బండి తలుపు పట్టుకుని నిలబడటమే. వెల్డింగు, లేతు మిషను, ఎత్తయిన చోట పని కూడా వద్దు.

ఆర్టీసీ డ్రైవర్ల కుటుంబాలకు ఒక మాట. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2014లో ఉమ్మడి రాష్ట్ర ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒకరిని రంగులు గుర్తించే లోపం ఉందని ఉద్యోగం నుంచి పంపించారు. ఆయనకు తగిన వేరే పని ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. అది ఫిట్స్ కేసు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో మూర్ఛవ్యాధి పేరు విడిగా లేదు కూడా. అయినా డ్రైవింగుకు పనికిరాడని తేలితే మనిషిని ఇంటికి పంపడమే మార్గం కాదని కోర్టు చెప్పింది. రాజీనామా కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి. ముందు యూనియన్ను, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

కాలవగట్టు, చేపల చెరువు, ట్రాక్టరు

రోడ్డు మీద పోలీసు అడుగుతాడు, పొలంలో ఎవరూ అడగరు. అందుకే మన డెల్టాలో ఇంకొక ప్రమాదం ఉంది. "బండి మానేశాడండీ, ట్రాక్టరే తోలుతున్నాడు" అని నెమ్మదిగా చెప్పేవాళ్ళున్నారు. ట్రాక్టరు మీద నుంచి జారితే పడేది వెనక తిరుగుతున్న రోటవేటరు కిందే. పవర్ టిల్లరు, వరికోత మిషను కూడా అంతే.

సైకిలు మంచిదే అనుకుంటారు. బందరు కాలవ, ఏలూరు కాలవ గట్ల మీద, వాటి పిల్లకాలవల గట్ల మీద సైకిలు తొక్కేవాడికి ఫిట్ వస్తే ఒక పక్క రోడ్డు, ఒక పక్క నీళ్ళు. మోకాలి లోతు నీళ్ళలో బోర్లా పడినా స్పృహ లేని మనిషి తల ఎత్తలేడు. కాలవలో స్నానం, ఈత, కైకలూరు వైపు చేపల చెరువుల్లో పడవ మీద మేత చల్లడం, ఒంటరిగా రాత్రి చెరువు కాపలా, ఇవన్నీ ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా ఆపాలి. చెరువు పని తప్పదంటే పక్కన ఈత వచ్చినవాడు ఉండాలి, గట్టు మీది పనే చేయాలి.

ఎలా ప్రయాణం చేయాలి?

మోటారుసైకిలు వెనక కూర్చోవడం కూడా ఫిట్స్ తరచుగా వచ్చేవారికి క్షేమం కాదు. పడిపోవడమే కాదు, ముందున్నవారిని కూడా లాగేస్తారు. ఆటోలో అంచు మీద కాకుండా మధ్యలో కూర్చోబెట్టండి. బస్సులో ఫుట్‌బోర్డు, తలుపు పక్క సీటు వద్దు. రైల్లో కింది బెర్తు అడగండి, తలుపు దగ్గర గాలి కోసం నిలబడనివ్వద్దు. గుడివాడ, మచిలీపట్నం, తెనాలి, రేపల్లె వైపు వారికి రైలు ఉంది కాబట్టి నెలవారీ చెకప్‌కు అదే సుఖం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలైంది. పేషెంటు ఆడమనిషైనా, తోడు వచ్చే తల్లి, భార్య, అక్క అయినా ఇది పెద్ద వెసులుబాటు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి.

ప్రయాణంలో జేబులో ఒక చిన్న చీటీ ఉంచండి. జబ్బు పేరు, వాడే మందు, ఇంటివాళ్ళ ఫోను నంబరు అందులో రాయండి. ఒక రోజుకు సరిపడే మాత్రలు కూడా సంచిలో ఉండాలి. బస్సు ఆలస్యమై రాత్రి మాత్ర తప్పిపోవడం మేము తరచుగా వినే మాట.

దారిలో ఫిట్ వస్తే చేయవలసింది కొంచెమే. చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి, తల కింద ఏదైనా మెత్తగా పెట్టండి, మెడ దగ్గర గుండీ వదులు చేయండి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టవద్దు. చేతిలో తాళాలు, ఇనుము పెట్టడం వల్ల ఏమీ జరగదు. ఆ సమయంలో గడియారం చూడటం మేలు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోది వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, నీళ్ళలో పడినా 108కి ఫోను చేయండి.

మళ్ళీ బండి ఎప్పుడు?

దీనికి జవాబు మీ ఇంట్లోనే తయారవుతుంది. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఫిట్ వచ్చిన తేదీ, వేళ, ఎంతసేపు, ఆ ముందురోజు మాత్ర తప్పిందా, నిద్ర తగ్గిందా, జ్వరమా, మందు తాగారా, ఇవన్నీ రాయండి. ఫిట్స్ లేని నెలకు కూడా "లేవు" అని రాయండి. ఆ పుస్తకం చూసే డాక్టరుగారు సలహా చెబుతారు. ఫిట్స్ లేని కాలం ఎంత, వచ్చేవి నిద్రలోనా మెలకువలోనా, ఈఈజీ, స్కాను ఎలా ఉన్నాయి, మందు వల్ల మగత ఉందా అని చూస్తారు. మొదటిసారి ఒక్క ఫిట్టే వచ్చినా, జ్వరంలోనో షుగరు తగ్గిపోయో వచ్చినా, అప్పుడు కూడా ఎంతకాలం ఆగాలో అడిగి తెలుసుకోండి. మీ అంతట మీరు లెక్క వేయకండి. డాక్టరుగారు సరేనన్న తరువాత కూడా లైసెన్సు కొత్తగా కావాలన్నా, రెన్యువల్ అయినా ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాసి, న్యూరాలజిస్టు సర్టిఫికెట్టు జతచేయాలి. ఆపై నిర్ణయం లైసెన్సు అధికారిది.

రెండు మూడేళ్ళు ఫిట్స్ లేకపోతే డాక్టరుగారు కొందరికి మందు నెమ్మదిగా తగ్గిస్తారు. ఇంటివాళ్ళు పూర్తిగా మరిచిపోయే సమయం ఇదే. మందు తగ్గించేటప్పుడు ఫిట్ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో మందు తగ్గించే కాలంలోను, ఆపిన తరువాత ఆరు నెలలపాటు బండి నడపవద్దని సలహా ఇస్తారు. మనమూ దాన్నే పాటించడం మంచిది. ఇక సొంతంగా మందు మానేయడం గురించి ఒక్క మాట. స్వస్థత కూటానికి వెళ్ళి వచ్చామని, తాయెత్తు కట్టించామని మాత్రలు ఆపి, బండెక్కి, దెబ్బలతో ఎమర్జెన్సీకి వచ్చినవారిని చూశాం. ప్రార్థన చేయండి, మాత్రా వేయండి. ఈ రెండింటికీ పేచీ లేదు.

వచ్చే నెల చెకప్‌కు వచ్చేటప్పుడు నోటుపుస్తకం, పాత చీటీలు, మిగిలిన మాత్రల అట్టలు తీసుకురండి. ఫిట్ చూసినవారు తప్పకుండా వెంట రండి. పేషెంటు ముందు చెప్పడానికి మొహమాటమైతే, లోపలికి వెళ్ళేముందు ఓపీలో ఉన్న నర్సుకు చెప్పండి. మేము కాగితం మీద రాసి డాక్టరుగారికి అందిస్తాము.